దేహమునకు ముహూర్తము లేదు

పెండ్లి ముహూర్తము నిశ్చయమైన మరునాడే నేడు అనేక గృహములలో మరియొక గడువు కూడ నిశ్చయమగుచున్నది. నలుబది దినములలో వధువు ఎనిమిది కిలోలు తగ్గవలెను. రవికలు కుట్టు దర్జీకి ఇచ్చిన కొలతలు నేటి దేహమునకు సంబంధించినవి కావు. ముహూర్తము నాటికి ఉండవలసిన దేహమునకు సంబంధించినవి. తల్లి అన్నము వడ్డింపబోగా కుమార్తె కంచము ప్రక్కకు త్రోయును. ఉదయము నిమ్మరసము, మధ్యాహ్నము దోసకాయ ముక్కలు, రాత్రి ఏమియు లేదు. మొదటి వారము చివర తూకపు యంత్రము మూడు కిలోలు తగ్గినట్లు చూపును, ఇంటిల్లిపాదియు సంతోషింతురు. మూడవ వారమున అంకె కదలదు. అప్పుడు ఎవరో ఒక చూర్ణము పేరు చెప్పుదురు, మరియెవరో ఒక మాత్ర పేరు చెప్పుదురు. పెండ్లి జరుగును. ఆరు మాసములు గడచునప్పటికి పోయిన బరువు మరి రెండు కిలోలను వెంటబెట్టుకొని తిరిగి వచ్చును. నింద మాత్రము చూర్ణమునకు రాదు. ఆ పిల్ల నాలుకకే వచ్చును.

ఇట్టి గృహములు ఒక ఊరికి గాని, ఒక వర్గమునకు గాని పరిమితములు కావు. గోడల మీదను, ఆటోల వెనుకను, చేతిలోని ఫోను తెర మీదను ‘పది దినములలో పది కిలోలు’ అను ప్రకటన కనబడని దినము లేదు. దానిని నమ్మువారు నిరక్షరాస్యులు కారు. పట్టభద్రులు నమ్ముచున్నారు, ఇంజనీర్లు నమ్ముచున్నారు, విజ్ఞానశాస్త్రము బోధించువారును నమ్ముచున్నారు. కావున దీనిని అజ్ఞానమని కొట్టివేయుట తేలికయే గాని సమంజసము కాదు. సోమరితనమనుట అంతకంటెను అన్యాయము. నలుబది దినములు ఆకలిని ఓర్చుకొనగలిగినవారిని సోమరులనుట ఎట్లు? వారిలో కొరవడినది తెలివియు కాదు, కష్టపడు శక్తియు కాదు. వారిని తరుముచున్నది తొందర. ఆ తొందర ఎక్కడ పుట్టుచున్నదో విచారింపవలసియున్నది.

మొదట ప్రకటనలోని లెక్కనే పరిశీలించుట మంచిది. ఒక కిలో దేహపు కొవ్వులో సుమారు 7,700 కిలోకాలరీల శక్తి నిలువయుండును. పది కిలోలు కరగవలెనన్న 77,000 కిలోకాలరీలు ఖర్చు కావలెను. పది దినములకు పంచినచో దినమునకు 7,700. కూర్చుండి పనిచేయు స్త్రీకి దినమునకు కావలసిన శక్తి సుమారు 1,660 కిలోకాలరీలని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో ప్రకటించిన ప్రమాణము. ఆమె పది దినములు మంచినీరు తప్ప మరేమియు ముట్టకున్నను ఖర్చగునది 16,600 మాత్రమే. అనగా రెండు కిలోల పైచిల్లర కొవ్వు. తక్కిన దాదాపు ఎనిమిది కిలోలు ఎక్కడినుండి తగ్గును? ఇది హైస్కూలు విద్యార్థి నల్లబల్ల మీద చేయగల భాగహారము. చేసినచో ప్రకటన అక్కడికక్కడే కూలిపోవును. అయినను చేయువారు అరుదు. ఏలనగా ప్రకటన చదువువారికి కావలసినది లెక్క కాదు, ఊరట.

ఆ ఊరటకు మొదటి వారము దొంగసాక్ష్యము చెప్పును. మన కండరములలోను, కాలేయములోను గ్లైకోజెన్ అను రూపమున సుమారు అర కిలో పిండిపదార్థము నిలువయుండును. దానిలో ఒక్కొక్క గ్రామును అంటిపెట్టుకొని సుమారు మూడు గ్రాముల నీరు ఉండును. ఆహారము హఠాత్తుగా తగ్గించినపుడు దేహము ముందు ఈ నిలువను వాడుకొనును. దానితోపాటు ఆ నీరును వెడలిపోవును. తూకములో రెండు కిలోలు తగ్గును. కొవ్వు మాత్రము ఇంచుమించు ఎక్కడిది అక్కడనే ఉండును. మరల రెండు పూటలు కడుపునిండ అన్నము తినినచో ఆ నీరు తిరిగి చేరును. మందు పనిచేసినదని మురిసినవారును, ఒక్క విందుతో వ్రతభంగమైనదని ఏడ్చినవారును ఈ నీటినే చూచి మోసపోయినవారు. త్వరిత చికిత్సలన్నిటి కీర్తి మొదటి వారమున సంపాదించినదే. రెండవ మాసపు సంగతి ఏ ప్రకటనయు చెప్పదు.

అయితే ఊరట ఎందువలన ఇంత అవసరమైనది? ఈ ప్రశ్నకు తెలుగు భాషయే ఒక సాక్ష్యము చెప్పుచున్నది. ‘ఒళ్ళు చేసినాడు’ అనుట పూర్వము మెచ్చుకోలు. పుష్టి అను మాటలో భాగ్యపు ఛాయ ఉన్నది; బక్క అను మాటలో లేమి ఛాయ ఉన్నది. అత్తవారింటినుండి వచ్చిన కూతురిని ‘చిక్కిపోయినావేమే?’ అని తల్లి అడిగిన మాటలో కన్నీటి తడి ఉండెడిది. ఇది ఊరక వచ్చిన వాడుక కాదు. 1832–33లో గుంటూరు సీమను నేలమట్టము చేసిన నందన కరువును, 1876–78లో రాయలసీమను దహించిన ధాత కరువును చవిచూచిన జాతి ఇది. డొక్కలు కనబడుట మరణమునకు పొరుగని దానికి తెలియును. పిల్లవాని బుగ్గలు నిండుగా ఉన్నచో ఇంటిలో గింజలు ఉన్నవని అర్థము.

ఒకటి రెండు తరములలో ఈ మాటలు తలక్రిందులైనవి. ‘ఒళ్ళు చేసినావు’ అనుట నేడు నింద. ‘ఎంత చిక్కినావు!’ అనుట అభినందన. విషజ్వరము వచ్చి చిక్కినవారికి కూడ అభినందనయే లభించుచున్నది. మాట మారుటకు కారణములు లేకపోలేదు. 2019–21 సంవత్సరములలో జరిగిన ఐదవ జాతీయ కుటుంబ ఆరోగ్య పరిశీలనము ప్రకారము దేశములో సుమారు నూటికి 24 మంది స్త్రీలు, 23 మంది పురుషులు ఉండవలసిన దానికంటె అధికమైన బరువు కలవారు. ఆంధ్రప్రదేశములో స్త్రీలలో ఈ లెక్క నూటికి 36, తెలంగాణములో 30. మధుమేహము, రక్తపుపోటు, గుండెజబ్బు, మోకాళ్ళ నొప్పులు ఈ బరువు వెంటనే నడచివచ్చును. అదే పరిశీలనములో దేశమందు నూటికి దాదాపు 19 మంది స్త్రీలు ఉండవలసిన దానికంటె తక్కువ బరువుతో ఉన్నారని కూడ తేలినది. ఒకే వీథిలో ఒక ఇంట కరువు ఇంకను పోలేదు. ఎదుటి ఇంట కొవ్వు వచ్చి కూర్చున్నది.

కావున బరువు తగ్గవలెనను కోరిక తప్పు కాదు. అనేకుల విషయమున అది అవసరము. తప్పు గడువులో ఉన్నది. మధుమేహమునకు భయపడువాడు పది దినములలో తగ్గవలెనని అడుగడు. పది సంవత్సరములు బాగుగ ఉండుటకు మార్గమేమని అడుగును. పది దినముల గడువు పెట్టునది భయము కాదు, సిగ్గు. పెండ్లిచూపులు, బంధువుల వివాహము, కళాశాల వార్షికోత్సవము, పాత మిత్రుల కలయిక, ఒక ఛాయాచిత్రము: వీటన్నిటికిని తేదీ ఉన్నది. ఆ తేదీనాడు నలుగురి కన్నులు తన మీద పడును. ఆ కన్నులకు రక్తములోని చక్కెర కనబడదు, నడుము కనబడును. తొందర దేహములో పుట్టినది కాదు, చూచువారి కన్నులలో పుట్టినది. సిగ్గునకు ముహూర్తము ఉన్నది గాని, దేహమునకు ముహూర్తము లేదు.

దేహము తొందరకు ఎట్లు బదులు చెప్పునో తెలిసికొనుటకు ఒక పాత పరిశోధన ఉపకరించును. రెండవ ప్రపంచయుద్ధము ముగియు కాలమున, 1944–45లో, అమెరికాలోని మినెసోటా విశ్వవిద్యాలయమున ఆన్సెల్ కీస్ అను శాస్త్రజ్ఞుడు 36 మంది ఆరోగ్యవంతులైన యువకులను 24 వారములపాటు అర్ధాకలితో ఉంచెను. వారందరు తమంత తాము ముందుకు వచ్చినవారే. దినమునకు ఇచ్చినది సుమారు 1,570 కిలోకాలరీల ఆహారము. నేటి త్వరిత పథ్యములలో అనేకము అంతకంటెను తక్కువ! ఆ యువకుల బరువు ఇంచుమించు నాలుగవ వంతు తగ్గెను. దానితోపాటు నాడి మందగించెను. వేసవిలోను చలి వేసెను. చిరాకును, విచారమును పెరిగెను. తిండి తప్ప మరియొక ఆలోచన లేక కొందరు వంటల పుస్తకములు పోగుచేసికొని చదువసాగిరి. మరల కడుపునిండ పెట్టిన పిమ్మట కొవ్వు పూర్వమున్న దానికంటె ఎక్కువగా చేరెను. కీస్ ఈ విషయములను 1950లో రెండు సంపుటములుగా ప్రకటించెను. ఆయన ఉద్దేశము యుద్ధమువలన కరువు పాలైన ప్రజలకు తిరిగి ఆహారమిచ్చు విధానము కనుగొనుట. కాని ఆ గ్రంథము మరియొక సత్యమును కూడ తెలిపినది. కరువునకును కఠిన పథ్యమునకును భేదము మనస్సునకు తెలియును గాని, దేహమునకు తెలియదు.

ఇది పాత మాట కాదు. అమెరికాలో బరువు తగ్గుట పోటీగా జరుపు ఒక ప్రసిద్ధ టెలివిజన్ కార్యక్రమములో పాల్గొన్న 14 మందిని ఆరేండ్ల తరువాత పరీక్షించి 2016లో ఫలితములు వెల్లడించిరి. పోటీ కాలములో వారు సగటున 58 కిలోలు తగ్గిరి. ఆరేండ్లలో అందులో సుమారు 41 కిలోలు తిరిగి వచ్చినవి. అంతకంటె ఆశ్చర్యము మరియొకటి ఉన్నది. విశ్రాంతిలో వారి దేహములు ఖర్చుపెట్టు శక్తి, అంత బరువు గలవారికి ఉండవలసిన దానికంటె దినమునకు దాదాపు 500 కిలోకాలరీలు తక్కువగా ఉండెను. దేహము కరువు గడచినదని ఆరేండ్ల తరువాత కూడ నమ్మలేదు. మన పూర్వులను ధాత కరువు దాటించిన గుణమే ఇది. దానిని శత్రువని దూషించుట కృతఘ్నత.

దేహమును జయింపవలెనని మందులతో ప్రయత్నించినవారి చరిత్ర దుఃఖకరమైనది. 1930 ప్రాంతములలో అమెరికాలో డైనైట్రోఫినాల్ అను రసాయనము బరువు తగ్గించు మందుగా విరివిగా అమ్ముడుపోయెను. అది అంతకుముందు మొదటి ప్రపంచయుద్ధ కాలమున ప్రేలుడు పదార్థముల తయారీలో వాడిన వస్తువు. బరువు తగ్గుట నిజమే. దేహము లోలోపల కాగిపోయి కొందరు మరణించిరి, కొందరికి కన్నులలో శుక్లములు వచ్చినవి. 1938లో అచటి ఆహారౌషధ చట్టము వచ్చిన పిమ్మట అది మనుష్యులకు ఇయ్యరానిదని నిర్ణయమైనది. తరువాత ఫెన్‌ఫ్లూరమిన్ వచ్చెను. గుండె కవాటములకు హాని కలుగుచున్నదని 1997లో దానిని ఉపసంహరించిరి. సిబుట్రమిన్ వచ్చెను, గుండెజబ్బు గలవారికి గుండెపోటును, పక్షవాతమును అధికము చేయుచున్నదని 2010లో ఐరోపా, అమెరికాలలో అదియు వెడలిపోయెను. ప్రతి మందు వచ్చినపుడును ఇదియే కడపటి మందని చెప్పిరి. పోయినపుడు మాత్రము చప్పుడు లేదు.

న్యాయముగా చెప్పవలెనన్న నేటి మందులన్నియు అట్టివి కావు. 2021లో అమెరికాలో అనుమతి పొంది, 2025లో మన దేశపు విపణికి వచ్చిన సెమాగ్లుటైడ్ సూదిమందు నిజముగనే ఆకలిని తగ్గించును. 1,961 మంది మీద 68 వారములు జరిపిన పరీక్షలో దానిని తీసికొన్నవారి బరువు సగటున నూటికి 15 వంతులు తగ్గెను. మందు లేని సూది వేసికొన్నవారికి రెండున్నర వంతులు కూడ తగ్గలేదు. స్థూలకాయమువలన వ్యాధిగ్రస్తులైనవారికి వైద్యుని పర్యవేక్షణలో ఇది గొప్ప సహాయము. దానిని వాడువారిని ఎగతాళి చేయుట తగదు. కాని అది కూడ పది దినముల మందు కాదు. ఆ పరీక్షలోని కొందరిని మందు మానిన పిమ్మట ఒక సంవత్సరము గమనింపగా, తగ్గిన బరువులో మూడింట రెండు వంతులు తిరిగి వచ్చినట్లు తేలినది. రక్తపుపోటు మందువలెనే దీర్ఘకాలము వాడవలసిన దానిని పెండ్లి ముందు రెండు మాసములు వాడి మానవచ్చునని తలచువారు మందును కూడ చూర్ణముగనే చూచుచున్నారు.

తెలుగునాట కూడ ఇట్టి అలలు వచ్చిపోయినవి. 2017, 2018 సంవత్సరములలో అన్నము పూర్తిగ మాని కొబ్బరినూనె త్రాగు పద్ధతి ఊరూర ప్రచారము పొందెను. సభలకు జనము తండోపతండములుగా వచ్చిరి. కొందరికి తాత్కాలికముగా మేలు కలిగియుండవచ్చును. కాని తరతరములుగా అన్నము చుట్టును అల్లుకొనిన ఇంటిలో అన్నము లేని కంచమును ఎన్ని సంవత్సరములు నిలుపగలరు? అంతకుముందే, 2015లో వచ్చిన ‘సైజ్ జీరో’ అను తెలుగు చలనచిత్రము త్వరితముగా బరువు తగ్గింతుమని చెప్పు కేంద్రముల మోసమును కథావస్తువుగా గైకొన్నది. ప్రేక్షకులు చూచి నవ్వి వచ్చిరి. వీథి మలుపున అట్టి కేంద్రముల బోర్డులు మాత్రము తరుగలేదు.

తరుగకపోవుటకు కారణము ఈ వ్యాపారపు స్వభావములోనే ఉన్నది. చెప్పులు త్వరగా తెగినచో కొన్నవాడు దుకాణమునకు పోయి తగవు పెట్టుకొనును. బరువు తగ్గించు చూర్ణము పనిచేయనిచో కొన్నవాడు తనను తానే నిందించుకొనును. ‘నియమము తప్పితిని, ఒక లడ్డు తింటిని’ అని సిగ్గుపడి నోరు మూసికొనును. తగ్గినవాడు పదిమందికి చెప్పును. తగ్గి మరల పెరిగినవాడు ఎవరికిని చెప్పడు. వినబడునవి విజయములే, పరాజయములన్నియు గదిలో తలుపు వేసికొని యుండును. ఓడినవారి సిగ్గే అమ్మువానికి పెట్టుబడి. అదే సిగ్గు ఆరు మాసముల తరువాత వారిని మరియొక దుకాణమునకు పంపును.

దీనిని అరికట్టుటకు చట్టము లేకపోలేదు. మందులు, మాయచికిత్సల అభ్యంతరకర ప్రకటనల చట్టము 1954లోనే వచ్చినది. మందు ద్వారా నయము చేయుదుమని ప్రకటింపరాని వ్యాధుల పట్టికలో స్థూలకాయము కూడ ఉన్నది. తొలిసారి నేరము రుజువైనచో ఆరు మాసముల వరకు కారాగారము విధింపవచ్చును. చట్టము వచ్చి ఏడు దశాబ్దములు గడచినను, ప్రకటన గోడమీదినుండి ఫోనులోనికి దుమికినదే గాని ఆగలేదు. ప్రభుత్వ యంత్రాంగము తన కర్తవ్యమును గుర్తెరుగవలసియున్నది. అయితే కొనువాని సిగ్గు ఉన్నంతవరకు అమ్మువాని ధైర్యము తగ్గదు.

కంటికి కనబడు సన్నదనమే ఆరోగ్యమనుకొనుట భారతీయుల విషయమున మరింత ప్రమాదకరము. పూనా వైద్యుడు చిత్తరంజన్ యాజ్ఞిక్, లండను వైద్యుడు జాన్ యుడ్కిన్ తమ ఇద్దరి దేహములనే ఉదాహరణముగా 2004లో లాన్సెట్ పత్రికలో ప్రకటించిరి. ఎత్తును బట్టి బరువును కొలుచు సూచిక ఇద్దరికిని 22.3. కాని దేహములో కొవ్వు యుడ్కిన్‌కు నూటికి 9.1 వంతులు, యాజ్ఞిక్‌కు 21.2 వంతులు! సమానమైన బరువులో భారతీయునికి కండ తక్కువ, కొవ్వు ఎక్కువ. అందువలననే ఐరోపీయులకు 25 వద్ద చెప్పు హెచ్చరికను మనకు 23 వద్దనే చెప్పుదురు. ఇట్టి జాతి ఆకలితో మాడి బరువు తగ్గించుకొనినచో పోవునది కొవ్వు మాత్రమే కాదు. ముందే తక్కువగానున్న కండయు పోవును. తిరిగి వచ్చునది మాత్రము అధికభాగము కొవ్వే. తూకపు అంకె ఒక్కటే. లోపలి మనిషి మునుపటికంటె బలహీనుడు.

చరక సంహితలో అతిస్థూలుని, అతికృశుని ఇద్దరిని గూర్చియు విచారణ ఉన్నది. రెండును దోషములే యనియు, నడిమి దేహము మేలనియు ఆ గ్రంథము చెప్పును. స్థూలునకు కడుపు నింపునట్టివి, కాని పుష్టిని తక్కువగా ఇచ్చునట్టివి ఆహారముగా ఈయవలెనని చెప్పును. వ్యాయామాదులను ఒక్కసారిగా గాక క్రమముగా పెంచవలెనని కూడ చెప్పును. ఈ క్రమము అను మాటయే చికిత్సకు ప్రాణము. నేటి పోషకాహార శాస్త్రజ్ఞులు వారమునకు అర కిలో తగ్గుట క్షేమకరమనుచున్నారు. లెక్క వేసినచో దినమునకు 550 కిలోకాలరీలు: కంచములో కొంత తగ్గింపు, కాళ్ళకు కొంత పని. కూర ఎక్కువ, అన్నము తక్కువ, పప్పును, మజ్జిగను విడువకుండుట, పంచదార పానీయములను, నూనెలో వేచిన చిరుతిండ్లను పండుగలకు పరిమితము చేయుట, దినమునకు అరగంటయో, ముప్పావు గంటయో నడచుట, కంటినిండ నిద్రించుట. ఇందులో రహస్యమేమియు లేదు. రహస్యము లేనిది గనుకనే దీనిని ఎవరును డబ్బాలో పెట్టి అమ్మలేరు.

అయితే ఈ మాట చెప్పుట సులభము; ఆచరించుటకు తీరిక కావలెను. తెల్లవారుజామున వంటచేసి, ఉద్యోగమునకు పోయి, చీకటి పడిన తరువాత ఇల్లు చేరి మరల వంటింట నిలుచు ఇల్లాలికి నడకకు అరగంట ఎక్కడిది? పిల్లలు విడిచిన అన్నము పారవేయ మనసొప్పక తానే తినునది ఆమెయే. రాత్రి కాపలా కాయువానికి నిద్ర ఎక్కడిది? కాలిబాట లేని వీథిలో, చెట్టు లేని పేటలో నడక ఎక్కడ? తీరికను ఎవరును ఈయనివారికి తీరిక అక్కరలేని మాత్రను అమ్ముట సులభము. త్వరిత చికిత్సను కోరుటలో ఇట్టి నిస్సహాయత కూడ ఉన్నది. దానిని గుర్తింపక ఉపన్యాసములు చెప్పుట పుండుమీద కారము చల్లుటయే.

ఈ తొందర మొదట పుట్టు స్థలములలో పాఠశాల ఒకటి. మధ్యాహ్న భోజనమున డబ్బా విప్పక, ఆకలి లేదని చెప్పు ఎనిమిదవ తరగతి బాలిక అనేక పాఠశాలలలో ఉన్నది. ఎదుగు ఎముకలకు, నెలనెల పోవు రక్తమునకు ఆహారము కావలసిన వయస్సు అది. ఆమె డబ్బా మూయుటకు వెనుక తరచుగా ఒక మాట ఉండును: గున్నయేనుగనియో, డ్రమ్మనియో, రోడ్డురోలరనియో తోటి పిల్లలు పెట్టిన పేరు. కొన్ని వేళల ఆ పేరునకు నవ్విన ఉపాధ్యాయుడు కూడ ఉండును. ఆయన నవ్వు క్షణకాలము. ఆ పిల్ల దానిని ఇరువది సంవత్సరములు మోయును. పెండ్లినాటి చూర్ణమునకు పునాది అక్కడ పడినది. బక్కవానిని పుల్ల అని పిలుచుటయు అట్టిదే. దేహమును బట్టి పేరు పెట్టుట కులమును బట్టి పేరు పెట్టుటవలెనే తరగతిలో నిషిద్ధము కావలెను.

ఉపాధ్యాయులు చేయదగిన పనులు మరికొన్ని ఉన్నవి. పైన చెప్పిన భాగహారమును లెక్కల తరగతిలో చేయింపవచ్చును. ఒక ప్రకటనను తెచ్చి, ఇందులో చెప్పినదేమి, చెప్పనిదేమి అని తెలుగు తరగతిలో అడుగవచ్చును. ఆటల పీరియడును పరీక్షల పేర మ్రింగివేయకుండ కాపాడవచ్చును. ఆటలో నెగ్గువారికే గాక, పరుగెత్తి చివర వచ్చువారికి కూడ మైదానము తమదను భావము కలిగింపవచ్చును. బొద్దుగానున్న పిల్లవాడు ఆట మానుటకు కారణము బరువు కంటె నవ్వే. నవ్వు ఆగినచో వాడును పరుగెత్తును. విద్యార్థులు కూడ ఒక సంగతి గ్రహింపవలెను. స్నేహితురాలు అన్నము మానినచో అభినందింపరాదు. ప్రక్కన కూర్చుండి డబ్బా విప్పింపవలెను.

చెరకునకు పది మాసములు, మామిడి మొక్కకు ఏండ్లు పట్టునని తెలిసిన రైతు వాటిమీద కోపించడు; నీరు పెట్టును, కలుపు తీయును. దేహము కూడ అట్టి పంటయే. అది ఏండ్ల తరబడి చేర్చుకొనిన దానిని పది దినములలో విడువుమనుట దానికి తెలియని భాషలో మాటలాడుట. ఆ భాషను నేర్పుచున్నది ఇరుగుపొరుగు కన్నులు, బంధువుల పలుకరింపులు. ‘ఒళ్ళు చేసినావే’ అను పలుకరింపునకు బదులు ‘బాగున్నావా?’ అని అడుగుట అలవాటైననాడు సగము చూర్ణములు అమ్ముడుపోవు. పెండ్లికూతురు కంచము ప్రక్కకు త్రోయునపుడు తల్లి చేయవలసిన పని ఒక్కటే. దర్జీని మరల పిలిపించి, నేడు ఉన్న కొలతలతోనే రవిక కుట్టుమని చెప్పవలెను. ఆపై తల్లియు కూతురును కలసి సాయంకాలము నడకకు బయలుదేరినచో, దానికి ముహూర్తము చూడనక్కరలేదు.